మిరియం నీలం గౌను

నా భార్య పోయిన రోజు సాయంత్రం కూడా ఇంజెక్షన్ వేళ వచ్చింది. ఎవరికీ గుర్తులేదు.

ఇల్లంతా మనుషులు. వంటింట్లో ఎవరెవరో ఫ్రిజ్ తీస్తున్నారు, నీళ్ళసీసా అందుకుంటున్నారు, మూస్తున్నారు. మధ్య అరలో, తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో మా అమ్మాయి మందు ఉంటుంది. రాసుకునే పెన్నులాంటి ఇంజెక్షన్. పిల్లలు ఎదగడానికి ఒంట్లో తయారవ్వాల్సిన హార్మోను మా పిల్లకి చాలినంత తయారవదు. అందుకని రోజూ సాయంత్రం బయటినుంచి ఇవ్వాలి. రెండేళ్ళుగా ఇస్తున్నది మా ఆవిడే. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధంతటికీ బట్టలు కుట్టేది. నేను బళ్ళో లెక్కలు చెబుతాను. "సూది పని నాది, సుద్దముక్క పని మీది. మధ్యలో రాకండి" అనేది. నేను వెళ్ళలేదు.

ఆ రోజు పొద్దున బస్టాపులో నిలబడి ఉండగా ఆమె గుండె ఆగిపోయింది. అంతకంటే చెప్పడానికేమీ లేదు. వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పాను. వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగారు, నేను మళ్ళీ మళ్ళీ అదే చెప్పాను.

మర్నాడు సాయంత్రం డబ్బా తీసి బల్లమీద పెట్టాను.

"మిరియం, రా."

అది దాని పేరు కాదు. చిన్నగా, ఘాటుగా ఉంటుందని వాళ్ళమ్మ పెట్టిన ముద్దుపేరు. అప్పటికి పదేళ్ళు నిండాయి, చూసినవాళ్ళు ఆరో ఏడో అనుకుంటారు.

"అక్కర్లేదు" అంది.

"అక్కర్లేదంటే?"

"పనిచెయ్యట్లేదు కదా. ఎందుకు పొడుచుకోవడం?"

"పనిచెయ్యట్లేదని ఎవరన్నారు?"

"ఎవరూ అననక్కర్లేదు. నాకు తెలుసు. అమ్మ కోసం పొడిపించుకున్నాను, అంతే."

అది లేచి వెళ్ళిపోయింది. డబ్బా మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టాను. అలా మొదలైంది ఆ వేసవి.

సెలవులిచ్చారు. నాకూ పని లేదు, దానికీ బడి లేదు. రోజంతా ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ వాదించుకున్నాం. అది ప్లీడరు లాగా వాదించేది. ముందు నీలం గౌను తెచ్చి నా ముందు పరిచింది.

"ఇది అమ్మ ఎప్పుడు కుట్టింది?"

"రెండేళ్ళయింది. మందు మొదలుపెట్టిన కొత్తలో."

"అప్పుడు ఎక్కడిదాకా వచ్చేది? మోకాలి కిందికి. ఇప్పుడెక్కడిదాకా వస్తోంది? మోకాలి కిందికి." మీద వేసుకుని చూపించింది. నిజమే, మోకాలి కిందికే ఉంది. "మా క్లాసులో ఎవరికైనా రెండేళ్ళ కిందటి గౌను పడుతుందా నాన్నా?"

"మరి ఆస్పత్రిలో కొలిచినప్పుడు..."

"ఆ నర్సు గవదల కింద చేతులు పెట్టి పైకి లాగి మరీ కొలుస్తుంది. అలా లాగితే నువ్వూ పెరుగుతావు."

"పోనీ బళ్ళో..."

"బళ్ళో ప్రార్థనకి ఎత్తు ప్రకారం నిలబెడతారు కదా? రెండేళ్ళ కిందట నేనే మొదట. ఇప్పుడూ నేనే మొదట."

నేను కాగితం తీసి అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత, మధ్యలో పైకెక్కే వంపు గీత ఒకటి గీశాను. మిగతా పిల్లలూ పెరుగుతుంటారు కనక వరసలో స్థానం మారకపోవచ్చని, దానర్థం పెరగలేదని కాదని వివరించాను. నలభైమంది పిల్లలకి ఇలాంటివి ఏళ్ళ తరబడి చెప్పినవాణ్ణి. అది శ్రద్ధగా విని, వేలితో ఆ వంపు గీతని తడిమింది.

"ఇది నువ్వు గీసింది నాన్నా" అంది.

చూపించడానికి ఇంట్లో ఇంకేమీ లేదు. అందరి ఇళ్ళలో ఉన్నట్టు మా తలుపుమీద పిల్ల ఎత్తు గీతలు లేవు. ఒకప్పుడు ఉండేవి. వచ్చిన ప్రతివాళ్ళూ పిల్లని ఆ తలుపుకి ఆనించి నిలబెట్టి, "ఏదీ, ఎంతయిందో చూద్దాం" అనేవాళ్ళు. ఒకరోజు మా ఆవిడ ఆ తలుపుకి రంగు వేసేసింది. "ఈ ఇంట్లో గుడ్డనే కొలుస్తాం, పిల్లని కాదు" అని అందరి మొహంమీదే చెప్పింది. ఆ తర్వాత కొలత అంటే ఆస్పత్రిలోనే. ఆ అంకె ఇంట్లో ఎవరూ పైకి అనకూడదు. నేనూ అడగలేదు.

ఇక మా అత్తగారు. కూతురు పోయిన రోజు వచ్చి, వేసవంతా ఉండిపోయారు. కూతుర్ని పోగొట్టుకున్న మనిషి, ఏమీ అనకూడదని నాకు తెలుసు. కానీ ఆవిడ ఒక్క నిమిషం ఊరుకునే మనిషి కాదు. వచ్చిన వారానికల్లా నడవలో రెండు గోడలకీ మధ్య ఇనప కమ్మీ బిగింపించారు.

"ఏమిటిది అత్తయ్యా?"

"వేలాడ్డానికి. పొద్దునా సాయంత్రం పిల్ల దీన్ని పట్టుకుని వేలాడాలి. మా తమ్ముడు చిన్నప్పుడు ఇలాగే వేలాడి వేలాడి ఆరడుగులయ్యాడు."

"మీ తమ్ముడు నా భుజం దాకా వస్తాడు అత్తయ్యా."

"ఇప్పుడు వంగిపోయాడయ్యా! అప్పుడు చూడాల్సింది నువ్వు."

మిరియం మాత్రం కమ్మీకి వేలాడేది. ఇంజెక్షన్ వద్దన్న పిల్ల, గబ్బిలంలా రోజుకి రెండు పూటలా వేలాడేది. నన్ను ఉడికించడానికేనని నా అనుమానం. అమ్మమ్మ పక్కన నిలబడి, "కాళ్ళు కిందికి లాగు! ఇంకా లాగు!" అని అరిచేవారు. ఆ కమ్మీకి నా తల రోజూ తగిలేది.

ప్రతి సాయంత్రం డబ్బా తీసేవాణ్ణి, బతిమాలేవాణ్ణి, కసిరేవాణ్ణి, మళ్ళీ లోపల పెట్టేవాణ్ణి. ఒక సాయంత్రం తీసేసరికి డబ్బా లేదు.

"అత్తయ్యా, మందు డబ్బా?"

"పైన ఐసు అరలో పెట్టాను. కింద గిన్నెలు పట్టట్లేదు. అయినా గట్టిగా చల్లగా ఉంటే పాడవదు కదా."

తీసి చూశాను. పెన్నులు రాళ్ళలా గడ్డకట్టాయి. గడ్డకడితే ఆ మందు ఇక పనికిరాదు.

"చల్లగా ఉంచమన్నాను గానీ గడ్డకట్టించమన్నానా అత్తయ్యా?"

"ఆ తేడా నువ్వు ముందు చెప్పాలి. మాస్టారివి కదా, విడమరిచి చెప్పొద్దూ?"

నేను బయటికి వెళ్ళి, వీధి చివరిదాకా నడిచి, తిరిగొచ్చాను. అప్పుడు కూడా ఆవిడ అదే చోట నిలబడి, "అంత కోపమైతే ఎలాగయ్యా అల్లుడూ" అంటున్నారు.

కొత్త మందు కావాలంటే పాడైనవి పట్టుకెళ్ళి ఆస్పత్రిలో చూపించాలి. మిరియాన్ని కూడా తీసుకెళ్ళాను. నర్సు ఒక పెన్ను చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూసింది. ఇంకోటి తీసింది.

"గడ్డకట్టడం సరే మాస్టారూ. ఇవి నిండుగా ఉన్నాయేంటి? ఈపాటికి ఖాళీ అయిపోవాలిగా?"

నేను డబ్బా మూత పెట్టబోయాను.

"మానేశాను" అంది మిరియం.

"ఎందుకమ్మా?"

"పెరగట్లేదు."

"ఎవరు చెప్పారు? ఇలా రా." నర్సు దాన్ని కొలతల బల్లకి ఆనించింది, మడమలు సర్దింది, గవదల కింద రెండు చేతులూ పెట్టి పైకెత్తింది.

"చూశావా నాన్నా? చూశావా? లాగింది!"

"లాగట్లేదు తల్లీ. నువ్వు వెన్ను ముడుచుకోకుండా నిటారుగా పట్టుకుంటున్నాను."

"అదే. పట్టుకుంటే పెరుగుతా, వదిలేస్తే తగ్గుతా."

నర్సు నవ్వు ఆపుకుంటూ, మా ఆవిడ ఎప్పుడో చెప్పిపెట్టినట్టే అంకె పైకి అనకుండా రాసుకుని, నావైపు చూసింది. నాకు నవ్వు రాలేదు.

డాక్టరు ఎడమ చేతి ఎక్స్‌రే తీయించారు. దాన్ని వెలుగుతున్న పలకమీద పెట్టి, నాకు కాకుండా మిరియానికి చూపించారు. వేళ్ళ ఎముకల చివర సన్నటి నల్లటి సందులున్నాయి.

"పెరిగేది ఇక్కడ. ఈ సందులు ఒకరోజు మూసుకుపోతాయి. అందరికీ మూసుకుపోతాయి. తర్వాత ఎంత మందిచ్చినా వెంట్రుకవాసి పెరగవు. నీకింకా తెరిచే ఉన్నాయి. అర్థమైందా?"

"అర్థమైంది."

"మరి ఇంజెక్షన్ చేసుకుంటావా?"

"చేసుకోను."

డాక్టరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "చూడండి మాస్టారూ, కాళ్ళూ చేతులూ పట్టుకుని రోజూ పొడవమని నేను చెప్పను. ఇది ఒకరోజు పని కాదు, ఇంకా కొన్నేళ్ళు సాగాలి. స్కూళ్ళు తెరిచే ముందు మళ్ళీ తీసుకురండి. కావాలని అమ్మాయి తన నోటితో చెప్పాలి. చెప్పకపోతే ఆపేద్దాం. ఈ మందు కోసం చూస్తున్న పిల్లలు ఇంకా ఉన్నారు."

"పదేళ్ళ పిల్లని అడిగితే పళ్ళు తోముకోవడం కూడా వద్దంటుందండీ!" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"అందుకే ఇవాళ అడిగి ఇవాళే ఆపెయ్యట్లేదు" అన్నారు ఆయన. నర్సు ఒకే ఒక్క పెన్ను ఇచ్చింది. "ఐసు అరలో పెట్టకండి" అంది, నేనే పెట్టినట్టు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో వివరంగా చెప్పలేను. బతిమాలడం మానేశాను. కసరడం మానేశాను. సాయంత్రం డబ్బా తీసి బల్లమీద పెట్టేవాణ్ణి, అది చూసి వెళ్ళిపోయేది, మళ్ళీ లోపల పెట్టేవాణ్ణి. మధ్యలో మా ఆవిడకి బట్టలిచ్చినవాళ్ళు, కుట్టని గుడ్డలు వెనక్కి తీసుకుపోవడానికి వస్తుండేవాళ్ళు. ఒకావిడ కర్టెన్ల గుడ్డ మడిచి చంకన పెట్టుకుంటూ మిరియం తల నిమిరింది. "పాపం, చిన్నపిల్ల. రెండో క్లాసా?" అంది. మిరియం లోపలికెళ్ళి కమ్మీ పట్టుకుంది. కాసేపటికి వెళ్ళి చూస్తే వేలాడుతూనే ఉంది, కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం కందిపోయి.

"దిగమ్మా, చాలు."

"ఇదైనా నొప్పెట్టకుండా ఉంటుందనుకున్నా" అంది దిగకుండానే.

ఆస్పత్రికి వెళ్ళే ముందురోజు, మర్నాటికి నీలం గౌను వేసుకుంటానంది మిరియం. ఉతికి ఆరేసింది ముడతలు పడి ఉంది. ఇస్త్రీ నేను చేస్తానన్నాను. ఇస్త్రీ అంతకుముందు నేనెప్పుడూ చేసింది లేదు, అయినా ఆ వేసవిలో నేను నేర్చుకోని పని ఏముంది కనక? పెట్టె వేడెక్కించాను. గౌను అంచు చుట్టూ ఒకదాని మీద ఒకటిగా మూడు తెల్ల రిబ్బన్లు కుట్టి ఉన్నాయి. అన్నిటికంటే కింది రిబ్బను మీద పెట్టె ఆనించగానే కమురు వాసన వచ్చింది. పెట్టె ఎత్తితే రిబ్బను దానికి అంటుకుని తీగలా సాగింది.

మిరియం కేక వీధిలోకి వినిపించి ఉంటుంది. అత్తగారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు.

"నైలాను రిబ్బనయ్యా అది! మీద తడిగుడ్డ వేసి తొయ్యాలి!"

"ముందే చెప్పొచ్చుగా అత్తయ్యా!"

"ఐసు సంగతి నువ్వు ముందే చెప్పావా నాకు?"

"అమ్మ కుట్టిన గౌను!" అని మిరియం నా చేతిలోంచి దాన్ని లాక్కుంది. "అమ్మ కుట్టింది ఒక్కటే ఉంది నాకు పట్టేది, దాన్ని కూడా కాల్చేశావు. నీకు ఏమొచ్చు నాన్నా? నీకసలు ఏమొచ్చు?"

నేను పెట్టె తీగ గోడలోంచి పీకాను.

అది కుట్టుమిషను సొరుగు తెరిచి, కుట్లు విప్పే చిన్న కత్తి తీసుకుంది. వాళ్ళమ్మ దగ్గర దాని పని అదే. తప్పు పడిన కుట్లు విప్పిపెట్టేది, గుడ్డ చిరగకుండా. కిటికీ దగ్గర కూర్చుని, కాలిన రిబ్బన్ని ఒక్కో కుట్టూ తెంపుతూ తీసింది. మొహం ఇంకా మండుతూనే ఉంది. సగం తీశాక చెయ్యి ఆగింది.

గౌను ఎత్తి వెలుతురుకి పట్టుకుంది. రిబ్బను ఉన్నచోట నీలం గుడ్డ మీద సన్నటి వెలిసిన గీత. ఆ గీతకి కొంచెం పైన వరసగా సూది కన్నాలు.

"ఇది మడత" అంది.

"ఏం మడత?" అన్నాను.

"అంచు మడత. అంచు ఇక్కడ ఉండేది. విప్పి కిందికి దించి కుట్టింది."

రెండో రిబ్బను విప్పడం మొదలుపెట్టింది.

"బాగున్నదాన్ని ఎందుకే పాడుచేస్తావు?" అన్నారు అమ్మమ్మ.

అది వినలేదు. రెండో రిబ్బను కింద కూడా గీత ఉంది. అదే వెలిసిన గీత, అవే కన్నాలు. మూడోదాని కింద కూడా. గౌను తిరగేసి పక్కకుట్లు చూసింది. అక్కడ కూడా ఎప్పుడో వదులు చేసిన ఆనవాళ్ళు. తెరిచి చూస్తే లోపల మడవడానికి మిగిలిన గుడ్డ గోటి వెడల్పు కూడా లేదు.

అత్తగారు కుర్చీలో కూర్చున్నారు. "ఎదిగే పిల్లలకి జానెడు గుడ్డ లోపల మడిచి పెట్టమని నేనే నేర్పాను దానికి" అన్నారు మెల్లిగా. "గీత కనపడకుండా పైన రిబ్బను వెయ్యడం మాత్రం నేను నేర్పలేదు." ఆ వేసవిలో మొదటిసారి ఆవిడ ఆపైన ఇంకో మాట అనలేదు.

మిరియం ఆ గౌనుని ఒంటిమీద బట్టల మీదే తొడుక్కుంది. అన్నిటికంటే పైగీత దగ్గర వేలు పెట్టి, కిందికి చూసుకుంది. ఆ గీత మోకాలికి నాలుగు వేళ్ళ పైన ఉంది.

"కుట్టినప్పుడు ఇది మోకాలి కిందికి ఉండేది కదా నాన్నా?"

"ఉండేది."

అది అలాగే వేలు పెట్టుకుని నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. మొహం మళ్ళీ కోపంతో ఎర్రబడింది, ఈసారి నామీద కాదు.

"నేను బడికెళ్ళినప్పుడు విప్పి కుట్టేసేదన్నమాట. కొత్త రిబ్బను వేశానమ్మా, బాగుందా అనేది. బాగుందనేదాన్ని నేను, పిచ్చిదానిలా. నాకు చెప్తే ఏం పోయింది? నేను పెరిగింది నాకు చెప్పొద్దూ?"

వాళ్ళమ్మ పోయాక వాళ్ళమ్మ మీద దానికి కోపం రావడం అదే మొదలు. నాకూ వచ్చింది, దానితోపాటే. మనిషి ఎదురుగా ఉంటే అడిగేవాణ్ణి. రెండేళ్ళు నాకు కూడా చెప్పకుండా ఎలా ఉన్నావని అడిగేవాణ్ణి.

సాయంత్రం నేను ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళేసరికి డబ్బా బల్లమీద ఉంది. మిరియం కుర్చీలో కూర్చుని సూది మూత తీస్తోంది.

"నువ్వు చెయ్యకు" అంది. "రిబ్బను కాల్చిన చెయ్యి నీది. నేనే చేసుకుంటాను. గుచ్చి మీట నొక్కాక పది దాకా ఉంచాలి. లెక్కపెట్టు. లెక్కలు వచ్చుగా."

తొడ మీద చర్మం రెండు వేళ్ళతో పట్టుకుంది. వాళ్ళమ్మ ఎలా పట్టుకునేదో నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు, ఇలాగే అయుంటుంది. గుచ్చుకుంది, నొక్కింది. నేను లెక్కపెట్టాను. ఏడు దగ్గర ఆగాను.

"ఎనిమిది" అంది అదే. "తొమ్మిది. పది."

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరు అడిగారు, "ఏమంటావు? కావాలా?"

"ఆర్నెల్లు చూస్తాను."

"ఆర్నెల్లే?"

"ముందు ఆర్నెల్లు. ఈ నర్సు నన్ను పట్టుకోకుండా ఒకసారి, పట్టుకుని ఒకసారి కొలవాలి. రెండూ నాకు చెప్పాలి. పైకి చెప్పాలి."

నర్సు నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇంకేమన్నా ఉందా అమ్మగారూ?"

"ప్రస్తుతానికి లేదు."

డాక్టరు మందు చీటీ రాస్తూ, వేసవిలో పోయిన డోసులు పోయినట్టేననీ, అవన్నీ కలిపి ఒకేసారి ఇవ్వడం కుదరదనీ నాకు చెప్పారు. నేను సరేనన్నాను.

తిరిగొస్తుంటే బస్సు ఖాళీగా ఉంది. మిరియం కిటికీ పక్కన కూర్చుంది. మందు సంచీ ఒళ్ళో పెట్టుకుంది. రెండు స్టాపులు దాటాక అడిగింది.

"అమ్మకి తెలుసుగా నేను పెరుగుతున్నానని. మరి నాకెందుకు చెప్పలేదు?"

నేను ఆలోచించాను. ఎవరూ కొలవకూడదని కావచ్చు. పెరిగిందని తెలిస్తే అందరూ ఇంకా ఎంత, ఇంకా ఎంత అని అడుగుతారని కావచ్చు. పిల్ల అంగుళం అంగుళానికీ ఎదురుచూస్తూ కూర్చోకూడదని కావచ్చు. ఇంకొంచెం పెరిగాక ఒక్కసారే చెబుదామని ఆగిందేమో, ఆగినచోటే ఆగిపోయిందేమో. ఇవన్నీ నా ఊహలు. ఏది నిజమో చెప్పాల్సిన మనిషి లేదు. తెలియనిదాన్ని తెలిసినట్టు పిల్లలకి చెప్పడం నాకు అలవాటు లేదు.

"ఇంటికెళ్ళాక చెప్తాను" అన్నాను.

"తప్పకుండా?"

"తప్పకుండా."

స్కూళ్ళు తెరిచారు. ప్రార్థన వరసలో అది ఇప్పటికీ మొదటే నిలబడుతోంది. ఇంజెక్షన్ తనే చేసుకుంటోంది, ఒక్కరోజు కూడా మానలేదు. అత్తగారు కమ్మీ తీయించకుండానే ఊరెళ్ళిపోయారు. మిరియం బస్సులో అడిగిన ప్రశ్నే మళ్ళీ రెండుసార్లు అడిగింది. ఒకసారి పని ఉందన్నాను, ఒకసారి విననట్టు ఊరుకున్నాను.

జవాబు ఇంకా చెప్పలేదు.